బెత్తెడు మడత

ఆ వేసవిలో మా ముందుగదిలో నడవడానికి దారి ఉండేది కాదు. మూడు బడుల యూనిఫారాలు ఒక్కసారే వచ్చి పడ్డాయి. కిటికీ కింద నీలం తాను, తలుపు పక్కన బూడిదరంగు తాను, మంచం నిండా కత్తిరించిన తెల్ల చొక్కాల ముక్కలు. వాటి మధ్య మిషను, మిషను ముందు మెడలో టేపుతో మా అత్తగారు. ఇప్పటికీ కొత్త గుడ్డ గంజి వాసన తగిలితే నాకు ముందు ఆ గది, తర్వాత ఆవిడ గుర్తొస్తుంది.

బడులు తెరిచేలోగా నూట నలభై జతలు ఇవ్వాలి. అన్నీ ఆవిడే కుడుతోందని వీధిలో అందరూ అనుకునేవారు. నిజానికి ఎండలు ముదిరేనాటికే ఆవిడ కాళ్లు మిషను తొక్కడం మానేశాయి. తొక్కేది నేను. ఒకే బల్ల మీద ఇద్దరం పక్కపక్కన కూర్చునేవాళ్లం. గేటు చప్పుడైతే నేను లేచి వంటింట్లోకి వెళ్లేదాన్ని. ఆవిడ మిషను ముందుకు జరిగేది. ఈ ఏర్పాటు గురించి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఒకరోజు అలా జరిగింది, ఆ తర్వాత రోజూ అలాగే జరిగింది.

ఆవిడ లేవడం చూస్తే తెలిసేది. ముందు పక్కకు తిరిగేది. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, అక్కణ్ణుంచి తొడల మీదికి ఒక్కో చెయ్యీ ఎక్కించుకుంటూ, తన ఒంటినే నిచ్చెన చేసుకుని పైకి వచ్చేది. వచ్చాక మెడలో టేపు సర్దుకునేది, లేచిందే దానికోసమన్నట్టు.

వయసని ఒకరూ, ఎముకల్లో సారం లేదని ఇంకొకరూ మూడేళ్లు తిప్పాక, పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఒకావిడ జబ్బు పేరు చెప్పింది. ఆ పేరు మా ఇంటి చిరునామా కన్నా పొడుగు. ఎన్నో వేలమందిలో ఒకరికి వస్తుందిట.

"అంతమందిలో నన్నే ఏరుకుంది, చూశావా" అంది మా అత్తగారు, కాస్త గొప్పగానే.

మందుంది. పదిహేను రోజులకోసారి సెలైన్‌లో కలిపి ఎక్కించాలి, బతికున్నంతకాలం. ఎక్కిస్తే ఉన్న బలం చాలావరకు నిలుస్తుంది. ఎక్కించకపోతే కాళ్ల తర్వాత ఊపిరి వంతు. అప్పటికే ఆవిడ వెల్లకిలా పడుకోలేకపోతోంది. మూడు దిండ్లకు ఆనుకుని, కూర్చున్నట్టే నిద్రపోయేది.

మందు ఖరీదు విన్నాక మా ఆయన బస్సు దిగేదాకా టికెట్టు వెనక లెక్కలు వేస్తూనే ఉన్నాడు. ఆయన ఫ్యాన్లు తయారుచేసే కంపెనీలో స్టోర్‌కీపరు.

"ఇల్లు అమ్మితే ఎన్నాళ్లకు సరిపోతుందండీ?" అని అడిగాను, అద్దె ఇల్లన్న సంగతే మరిచి.

"అమ్మడానికి ఇల్లు మనది కాదుగా" అన్నాడు.

ఇక మిగిలింది కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా. అందులో తల్లిదండ్రులకూ చోటుంది. కాగితాలన్నీ పంపాం. మా జాబితాలో ఈ జబ్బు లేదని జవాబొచ్చింది. డాక్టరమ్మ దానికి రెండు పేజీల జవాబు రాసింది. అయితే రోగి పరిస్థితి చూడడానికి మా మనిషిని ఇంటికే పంపుతాం, గురువారం పదకొండు గంటలకు, అని మళ్లీ రాశారు.

బుధవారం పొద్దుటినుంచీ ఇల్లు సర్దాం. సర్దమని ఎవరూ చెప్పలేదు. రెండు దిండ్లు తీసి బీరువాలో పెట్టింది మా అత్తగారే. ఆవిడ కూర్చుని స్నానం చెయ్యడానికి కొన్న ప్లాస్టిక్ కుర్చీని మా ఆయన పెరట్లో దాచాడు. నేను చొక్కాలన్నీ ఇస్త్రీ చేసి, కాలర్లు ఒకవైపుకే వచ్చేలా దొంతర్లు పెట్టాను. ఇంటికి మనిషి వస్తున్నాడంటే ఇల్లు ఎలా ఉండాలో అలా ఉంచాం, అంతే. అందులో తప్పుంటుందని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

వచ్చినాయనకు ముప్ఫై దాటి ఉంటాయి. చంకలో ఫైలు, చొక్కా అంతా చెమట. మా అత్తగారు గేటుదాకా ఎదురెళ్లింది. ముందురోజు దిండ్లు దాచాక ఇక బల్ల మీంచి కదలకుండా కూడబెట్టుకున్న బలమది. ఆయన పక్కనే మూడు మెట్లూ ఎక్కింది, గోడ మీద రెండు వేళ్లు మాత్రం ఆనించి.

"రా బాబూ. ఎండన పడి వచ్చావు. ఫ్యాను కింద కూర్చో."

"మీరు కూర్చోండమ్మగారూ. నేను వచ్చింది మీకోసమే."

"నాకేం, ఇంట్లో ఉండేదాన్ని."

ఆయన ఫైలు తెరిచాడు. "నడవడానికి ఇబ్బందిగా ఉంటోందా?"

"ఈ వయసులో ఎవరికుండదు? మీ అమ్మగారికి లేవూ మోకాళ్ల నొప్పులు?"

"ఉన్నాయండి."

"చూశావా మరి."

ఆయన రాసుకున్నాడు. "మెట్లు ఎక్కగలరా?"

"ఇప్పుడేగా ఎక్కాం ఇద్దరం."

"నిద్ర పడుతుందా?"

"పని చేసే ఒళ్లు, పట్టకేం."

గుమ్మంలో టీ పళ్లెం పట్టుకుని నేనున్నాను. ఆవిడ వచ్చి ఆ పళ్లెం నా చేతుల్లోంచి తీసుకుంది. కప్పులు ఒకదానికొకటి తగిలి చిన్న చప్పుడయింది. అది వణుకని నాకు తెలుసు. ఆయనకు ఎలా తెలుస్తుంది?

"ఈ బట్టలన్నీ..." అన్నాడాయన దొంతర్లకేసి చూస్తూ.

"మా అమ్మే కుట్టింది. మూడు బడులకి" అన్నాడు మా ఆయన. బయటివాళ్లకు రోజూ చెప్పే మాట అలవాటుగా వచ్చేసింది. అనేసి నావైపు చూశాడు. నేను కుట్టానని అనడానికి నాకు ఒక్క క్షణం సమయం దొరికింది. కానీ పరాయి మనిషి ముందు ఆవిడ చేతిపనిని నాదనడం ఎలా? ఊరుకున్నాను. బీఏ చదివిన దాన్ని, ఆయన ఏం రాసుకుంటున్నాడో అర్థమవుతూనే ఉంది. అయినా ఊరుకున్నాను.

లేవబోతుంటే ఆయన చొక్కా ముంజేతి బొత్తాం దారానికి వేలాడుతూ కనబడింది ఆవిడకి.

"ఆగు బాబూ, అలా వెళ్తే దారిలో ఊడిపోతుంది" అని సూదిలో దారం ఎక్కించి, నిమిషంలో కుట్టిపెట్టింది.

ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు. గేటు పడ్డ చప్పుడు విన్నాక మా అత్తగారు గోడ పట్టుకుని అక్కడే కిందికి జారి కూర్చుంది. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుంటే గాని లేవలేకపోయింది. ఆ తర్వాత రెండు రోజులు నేలమీద పాదం మోపలేదు.

"ఎంత మర్యాదస్తుడో" అంది, మూడు దిండ్లు మళ్లీ వీపు వెనక పెడుతుంటే.

పన్నెండు రోజులకు ఉత్తరం వచ్చింది. మా ఆయన నిలబడే చదివాడు. రోగి స్వయంగా నడుస్తున్నారు. మెట్లు ఎక్కారు. అతిథికి టీ అందించారు. కుట్టుపని ద్వారా ఉపాధి పొందుతున్నారు. పరిశీలకుడి చొక్కాకు బొత్తాం కుట్టారు. కనుక ఈ దశలో కోరిన చికిత్స అవసరమని మేము భావించడం లేదు.

"బొత్తాం కూడా రాశాడా?" అంది మా అత్తగారు.

"రాశాడమ్మా."

"ఎలా కుట్టానో రాశాడా?"

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వు మొదలయ్యాక ఊపిరి అందలేదు. బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగి, మెల్లగా తేరుకుంది. మేమిద్దరం నవ్వలేదు. ఆనాటినుంచి ఆయన మా ఇంట్లో బొత్తాం బాబు అయ్యాడు.

డాక్టరమ్మ ఆ ఉత్తరం చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆయనొస్తే మీరెందుకు లేచారమ్మా?"

"ఇంటికొచ్చిన మనిషి నిలబడి ఉంటే నేను కూర్చోనా డాక్టరమ్మా?"

"కూర్చోవాలి. లేవలేని మనిషి కూర్చోవాలి. నేను రెండు పేజీలు రాశాను, మీరు ఒక్క కప్పు టీతో కొట్టేశారు." తర్వాత నావైపు తిరిగింది. "మళ్లీ అర్జీ పెడదాం. దాంతో పాటు ముప్ఫై రోజుల లెక్క కావాలి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఈవిడ ఏం చెయ్యగలిగారు, ఏం చెయ్యలేకపోయారు. ఉన్నదున్నట్టు. మీరు రాయగలరా?"

రాయగలనన్నాను.

ఇంట్లో ఖాళీగా దొరికింది యూనిఫారాల కొలతల పుస్తకమే. ఎడమ పేజీలో పిల్లల ఛాతీ, పొడుగు, భుజం. కుడి పేజీలో మా అత్తగారు. కుర్చీలోంచి లేవడానికి ఎన్నిసార్లు ప్రయత్నించింది, దువ్వెన తలదాకా ఎత్తగలిగిందా లేదా, స్నానానికి ఎవరు సాయం పట్టారు. చదువుకునే రోజుల్లో నా వ్యాసాలకు మంచి మార్కులు వచ్చేవి. ఆ పుస్తకంలో మాత్రం ఒక్క విశేషణం రాయకూడదని పట్టుపట్టాను.

నాలుగో రోజు ఆవిడ నా చేతిలోంచి పుస్తకం లాక్కుని చదివింది.

"పాయిఖానా సంగతి కూడా రాశావే."

"ఉన్నదున్నట్టు రాయమన్నారు అత్తయ్యా."

"రాయమంటే? మగాళ్లు చదువుతారు దీన్ని. ఆ బొత్తాం బాబు చదువుతాడు. నా చేత్తో టీ తాగి వెళ్లినవాడు." పుస్తకం బల్ల మీద పడేసింది. "కోడలివి కాబట్టి కడిగావు. కడిగినట్టు ఊరంతా చాటాలా?"

ఆ రోజంతా ఆవిడ నాతో మాట్లాడలేదు. పక్కపక్కనే కూర్చుని, నేను కుడుతుంటే తను కాజాలు చూసుకుంది. సాయంత్రం నా కాలరు ఒకటి చేతిలోకి తీసుకుని, వంకరగా ఉందని చెప్పకుండా, కుట్లు విప్పి నా ఒళ్లో పెట్టింది. అంతకన్నా గట్టి తిట్టు ఆవిడ దగ్గర లేదు.

ఆ మరుసటి వారం ఊపిరి పరీక్షకు మళ్లీ పెద్దాసుపత్రికి వెళ్లాం. బయట బెంచీ మీద ఓ తల్లీ, ఎనిమిదేళ్ల కూతురూ. పిల్ల తలకు రెండు పెద్ద ఎర్ర రిబ్బన్లు. చేతులు ఒళ్లో బరువుగా పడి ఉన్నాయి. తల్లి పిల్లను లేవదీస్తుంటే, ఆ పిల్ల తన మోకాళ్ల మీద చేతులు ఆనించి, తొడల మీదుగా పైకి ఎక్కించుకుంది. మా అత్తగారు కళ్లార్పకుండా చూసింది. తనలా లేచే మనిషిని ఆవిడ చూడడం అదే మొదలు.

"ఏం పేరు చెప్పారమ్మా జబ్బుకి?" అని అడిగింది.

ఆ తల్లి తడబడుతూ పేరు చెప్పింది. అదే పేరు.

"మందు రాశారా?"

"రాశారు. కాగితం ఇంట్లో ఉంది."

"మరి మిమ్మల్ని చూడ్డానికి ఎవరొచ్చారు? ఒకాయన ఫైలు పట్టుకుని వస్తాడు, జాగ్రత్త. పైకి మెత్తగానే ఉంటాడు."

"ఎవరొస్తారమ్మా? మా ఆయన లారీల్లో సరుకు దింపుతాడు. మాకు బీమా లేదు." ఆ తల్లి పిల్ల రిబ్బను సరిచేసింది. "చూడ్డానికి వచ్చేవాళ్లుంటే, అన్నీ చూపిద్దును."

మా అత్తగారు సంచీలోంచి టేపు తీసింది.

"ఏ బడి నీది?" అంది పిల్లతో.

"పేరు రాశారు. ఇంకా పోలేదు. గౌను తల మీంచి తొడిగితే చేతులు లేవవు" అంది పిల్ల.

"ముందు తెరుచుకునే గౌనైతే?"

"అట్లాంటిది ఉండదుగా యూనిఫారంలో."

"ఉండదని నీకెవరు చెప్పారు? నలభై ఏళ్లుగా కుడుతున్నాను, నన్నడుగు."

బెంచీ మీద కూర్చున్నచోటే ఛాతీ, భుజం, పొడుగు కొలిచి నాకు చెప్పింది. నేను కొలతల పుస్తకంలో ఎడమ పేజీలో రాసుకున్నాను. కుడి పేజీ ఆవిడకు కనిపిస్తూనే ఉంది.

ఇంటికి వచ్చాక మంచినీళ్లు తాగి, పెన్ను అడిగింది. నేను రాసిన చివరి వాక్యం కింద తన గుండ్రటి అక్షరాలతో తనే రాసింది. "రాత్రి మూడు దిండ్లు. ఒక్కొక్క రాత్రి నాలుగు. కోడలికి చెప్పలేదు."

ఆ తర్వాత రోజూ నేను రాసింది ఆవిడ దిద్దేది. "తొమ్మిదిసార్లు అని రాశావు, పదకొండు. లెక్క తప్పితే బొత్తాం బాబు పట్టేస్తాడు."

మా అర్జీ మీద బీమావాళ్లు రెండోసారి వచ్చే రోజు ఉదయం నేను చీపురు పట్టుకుంటే, "అలా ఉండనీ" అంది. దిండ్లు మంచం మీదే ఉన్నాయి. స్నానం కుర్చీ స్నానాలగదిలోనే ఉంది. మబ్బు పట్టింది. బడులు తెరవడానికి వారం ఉంది. ఇవ్వాల్సిన జతలు ఇంకా ముప్ఫై ఉన్నాయి. గేటు చప్పుడు కాగానే అలవాటుగా నేను మిషను ముందునుంచి లేవబోయాను. మా అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

బొత్తాం బాబుతో పాటు తెల్లజుట్టు డాక్టరొకాయన వచ్చాడు. ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. మా ఆయన కుర్చీలు తెచ్చేదాకా అలాగే నిలబడ్డారు. మా అత్తగారి వేళ్లు బల్ల అంచు మీద బిగుసుకున్నాయి. పాదాలు నేలమీద ఒకసారి సర్దుకున్నాయి. లేస్తుందేమో అనుకున్నాను.

"రండి. నేను లేవలేను" అంది.

అంతే అంది. మెడలో టేపు సర్దుకుంది.

తెల్లజుట్టాయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "పోయినసారి లేచారని రాసి ఉందమ్మా."

"లేచాను. ఆ తర్వాత రెండు రోజులు పడుకున్నాను. అది చూడ్డానికి ఈ బాబు లేడు."

"ఇప్పుడొకసారి లేచి చూపిస్తారా? మీకు ఎలా వీలైతే అలా."

ఆవిడ పక్కకు తిరిగింది. మోకాళ్ల మీద చేతులు పెట్టింది. మొదటిసారి రాలేదు. రెండోసారీ రాలేదు. మా ఆయన తల్లికేసి రెండడుగులు వేశాడు. ఆవిడ తల ఎత్తకుండానే వద్దన్నట్టు వేలు కదిపింది. మూడోసారి ఒక్కో చెయ్యీ ఎక్కించుకుంటూ పైకి వచ్చింది. నుదుటి మీద చెమట. బొత్తాం బాబు ఫైలు మూసి నేలకేసి చూస్తున్నాడు.

"ఈ బట్టలు మీరే కుడుతున్నారని..." అన్నాడు డాక్టరు.

"నేను కాదు. ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచి మా కోడలే కుడుతోంది. అంతా నేననుకుంటున్నారు, నేనూ అనుకోనిచ్చాను." ఆవిడ మెల్లగా కూర్చుంది. "పని మంచిదే. కాలరు దగ్గర ఇంకా చెయ్యి తిరగాలి."

మిషను మీద నా చేతులు అలాగే ఉండిపోయాయి. పెళ్లయి వచ్చిన తొమ్మిదేళ్లలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది అప్పుడే. అదీ బీమా కంపెనీ ముందు.

టీ ఇవ్వలేదు. వాళ్లు వెళ్లేదాకా ఆవిడకు అదే బాధ. "కనీసం మంచినీళ్లన్నా ఇవ్వాల్సింది" అని గేటు మూశాక కూడా అంది.

బడులు తెరిచిన నాలుగో రోజు ఉత్తరం వచ్చింది. ఒక ఏడాదికి ఒప్పుకున్నారు. మళ్లీ ఏడాది మళ్లీ చూస్తారట. మా ఆయన రెండుసార్లు చదివి, మడిచి, మళ్లీ తెరిచి మొదటి వాక్యం ఇంకోసారి చదివాడు. మా అత్తగారు తల ఊపి, చేతిలో ఉన్న పనిలో పడిపోయింది. ఆ వేసవిలో ఆవిడ తన చేత్తో కుట్టింది ఒకే ఒక్క గౌను. మిషను తొక్కలేదు కాబట్టి అంతా చేతికుట్టే. నీలం గౌను, ముందువైపు మెడనుంచి అంచుదాకా నొక్కుడు బొత్తాలు, భుజం దగ్గర వదులు. కింది అంచు మడుస్తుంటే చూసి అడిగాను.

"అంత మడత ఎందుకు అత్తయ్యా? బెత్తెడుంది. బరువుకి వేలాడుతుంది."

"ఎదిగే పిల్ల" అంది. దారం పంటితో తెంపింది. "పక్కల్లోనూ వదిలాను."

మందు లేకపోతే ఆ పిల్ల ఎన్నాళ్లు ఉంటుందో డాక్టరమ్మ మా ముందే చెప్పింది. ఇద్దరం విన్నాం.

మా అత్తగారు తనకు మందు మొదటి సీసా ఎక్కించిన రోజు, ఆసుపత్రిలో, ఆ గౌను, దానితో పాటు కొత్త కొలతల పుస్తకం ఒకటి, ఆ తల్లి చేతిలో పెట్టింది. "రోజూ రాయి. ఇప్పుడు చదివేవాళ్లు లేకపోయినా రాయి. ఏదీ దాచకు" అని మరీ మరీ చెప్పింది. చెప్పాక నావైపు చూడలేదు.

ఆ పిల్ల బడికి వెళ్లింది. మరుసటి ఏడు గౌను పొట్టయితే ఆ తల్లి మా ఇంటికి తెచ్చింది. రెండు వేళ్ల మడత నేను విప్పాను. ఆపై ఏడు మళ్లీ ఒక వేలు. అప్పటికి పిల్ల చక్రాల కుర్చీలోకి వచ్చింది. ఆ ఏడాదే ఆసుపత్రిలో బీమా లేనివాళ్లకోసం ఒక నిధి మొదలైంది. వచ్చిన అర్జీలు గదినిండా ఉంటే, తీసుకున్నది ఆరుగురినే, వాళ్లలో ఈ పిల్ల ఒకతి. రెండేళ్లపాటు రోజూ రాసిన పుస్తకాలు తెచ్చిన తల్లి ఒక్కతేనని డాక్టరమ్మ మాతో అంది. మిగతావాళ్ల సంగతి అడిగితే కళ్లజోడు తుడుచుకుంది.

మా అత్తగారు ఆ వేసవి తర్వాత ఏడేళ్లు బతికింది. ఆ ఏడేళ్లూ మిషను నాది, కాలర్ల తనిఖీ ఆవిడది. ఏడాదికోసారి బొత్తాం బాబు వచ్చేవాడు. ఆవిడ లేచేది కాదు. టీ మాత్రం నేను ఇచ్చేదాన్ని.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం. కిటికీ పక్క కుర్చీలో మా అత్తగారు, పక్క కుర్చీలో రిబ్బన్ల పిల్ల, ఇద్దరి చేతులకూ సూదులు, ఇద్దరి తలల మీదా సీసాలు. పిల్లకిది మొదటి సీసా. గౌను మీద పాత మడతల గీతలు ఒకదాని కింద ఒకటి, ఉతికినా పోనివి, నీలంలో లేత నీలంగా కనిపిస్తున్నాయి. మా అత్తగారు వాటిని కాసేపు చూసింది.

"ఇంకెంతుంది మడత?" అని అడిగింది నన్ను.

వంగి, అంచు తిరగేసి చూశాను.

"ఒక వేలుంది అత్తయ్యా."

"ఈ ఏడాదికి చాలు" అని, ఖాళీగా ఉన్న చెయ్యి టేపు కోసం చాచింది. "వచ్చేసారి నీలం గుడ్డ తీసుకురా. కొత్తది కత్తిరిద్దాం."